పచ్చిగుడ్డు లేని డెవిల్డ్ ఎగ్స్

మీకు తెలుసా? ఉడికిన గుడ్డులోని పచ్చసొనను మెదిపి తిరిగి తెల్లసొనలో కూరే డెవిల్డ్ ఎగ్స్‌లో, ఆ పచ్చసొన ముద్దకు ఆ నునుపు తెచ్చేది మయొనైజ్. పచ్చిగుడ్డు సొనలో నూనె, నిమ్మరసం పోసి గిలకొట్టి చేస్తారు. పచ్చిగుడ్లతో చేసే మయొనైజ్ తయారీ, నిల్వ, అమ్మకాలను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. అంతకు కొద్దిరోజుల ముందే, హైదరాబాద్ బంజారాహిల్స్‌లో మయొనైజ్‌తో మోమోలు తిని ఒక మహిళ చనిపోయారు, ఎందరో ఆసుపత్రి పాలయ్యారు. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా ఉంటే, పొయ్యి ఎక్కని మయొనైజ్‌లో అది బతికే ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా ఇలాంటి నిషేధమే పెట్టింది.

అయితే ఈ వంటకానికి మయొనైజ్ తప్పనిసరి కాదు. 13వ శతాబ్దపు అండలూసియా వంటపుస్తకంలో ఉడికిన పచ్చసొనను కొత్తిమీర, ఉల్లిరసం, మిరియాలు, ధనియాలతో నూరి, తిరిగి తెల్లసొనలో కూరి, పుల్ల గుచ్చమని ఉంది. అప్పటికి మయొనైజ్ పుట్టనే లేదు! ఆ దినుసులన్నీ అమీర్‌పేటలో ఏ కిరాణా కొట్టుకు, కూరగాయల బండికి వెళ్లినా దొరుకుతాయి. కోచింగ్ కోసం వచ్చి గది అద్దెకు తీసుకున్న పిల్లలు కూడా ఒక్క స్టవ్వు మీద చేసుకోవచ్చు.

నాలుగైదు రోజులు నిలవున్న గుడ్లు తీసుకోండి. రోజులు గడిచేకొద్దీ పెంకు రంధ్రాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, తెల్లసొనకు క్షారగుణం పెరుగుతుంది. అప్పుడు లోపొర పట్టు వదిలి పెంకు తేలిగ్గా ఊడుతుంది. మరిగే నీళ్లలో 12 నిమిషాలు ఉడికించి, వెంటనే చన్నీళ్లలో వేయండి. మరీ ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఆకుపచ్చ వలయం కడుతుంది. తింటే హాని లేదు, చూడ్డానికే బాగోదు.

మయొనైజ్ బదులు గుడ్డలో కట్టి నీళ్లు వార్చిన పెరుగు వాడండి. ఆవపిండి మాత్రం మానొద్దు, రుచంతా దానిదే. దాన్ని చన్నీళ్లలో 10 నిమిషాలు నాననివ్వాలి; వేడినీళ్లు పోస్తే ఘాటు పుట్టించే ఎంజైమ్ పనిచేయదు. గుడ్లను సగానికి కోసి తీసిన పచ్చసొనలో ఆ పెరుగు, ఆవపిండి, మిరియాల పొడి, నిమ్మరసం, ఉప్పు, కొత్తిమీర కలిపి మెత్తగా మెదిపి తెల్లసొనలో కూరండి.

ఫ్రిజ్ లేకపోతే చేసిన వెంటనే తినేయండి. బయట 2 గంటలకు మించి ఉంచకూడదు. 32 డిగ్రీలు దాటే మన ఎండాకాలంలో గంటే గడువు.