పెద్ద ఆవరణలకు గడ్డి కోత యంత్రము – మన్నికైన దానిని ఎన్నుకొనుట ఎట్లు?

బొల్లారము ప్రాంతమునకు పెద్ద ఆవరణలు కొత్త కావు. హైదరాబాదు కంటింజెంట్ సైన్యము ఇచ్చట విడిది చేసిన నాటి నుండియు విశాలమైన స్థలములలో బంగళాలు వెలసినవి. 1860లో కట్టబడి, నేడు రాష్ట్రపతి నిలయముగా ఉన్న భవనము చుట్టును సుమారు 90 ఎకరముల స్థలమును, అందులో మామిడి, సపోట, కొబ్బరి చెట్లును కలవు. అంతటివి కాకున్నను, ఇల్లు, తోట, పచ్చిక కలిసియున్న ఆవరణలు మేడ్చల్, శామీర్‌పేట వరకు అనేకము కనబడును. తొలకరి వాన పడగానే వీటిలో గరిక, తుంగ, వయ్యారిభామ ఏపుగా పెరుగును. సమయమునకు కూలీలు దొరకని చోట యజమానులు జీరో-టర్న్ మోవర్ అను కోత యంత్రము వైపు చూచుచున్నారు. లక్షల రూపాయలతో కూడిన ఈ కొనుగోలుకు ముందు ఆలోచింపవలసిన సంగతులను ఇచ్చట వివరించుచున్నాము.

యంత్రము పనిచేయు విధము

గడ్డి కోత యంత్రమును మొదట 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ రూపొందించెను. జీరో-టర్న్ యంత్రములు 1960 దశకములో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున వాడుకకు వచ్చినవి. దీనికి స్టీరింగు చక్రమునకు బదులు రెండు మీటలుండును. వెనుక చక్రములు రెండింటికిని వేరువేరుగా చమురు ఒత్తిడితో శక్తి అందును. ఒక చక్రము ముందునకు, రెండవది వెనుకకు తిరిగినచో యంత్రము నిలిచిన చోటనే మరలును. అందువలన చెట్ల మొదళ్ల చుట్టును, పూలమడుల అంచులవెంటను కోయుట సులువగును.

మీకు ఇది అవసరమా?

ముందుగా స్థలమును కొలిచి లెక్క వేయుడు. 48 అంగుళముల, అనగా సుమారు 1.2 మీటర్ల కోత వెడల్పు గల యంత్రము గంటకు 6 కిలోమీటర్ల వేగముతో నడచిన 7,200 చదరపు మీటర్లు కోయవలెను. మలుపులకు, ఒక చాలుపై మరియొక చాలు కలియుటకు ఐదవ వంతు తీసివేయగా 5,760 చదరపు మీటర్లు మిగులును. ఇది సుమారు 1.4 ఎకరములు. కావున ఐదెకరములకు మూడున్నర గంటలు పట్టును.

ఏడాదికి 24 కోతలు అనుకొన్నచో 84 గంటలు, పదేండ్లకు 840 గంటలు అగును. యంత్రము ధర 5 లక్షలనియు, పదేండ్ల తరువాత 50 వేలు వచ్చుననియు అనుకొందము. అరుగుదల క్రింద గంటకు సుమారు 535 రూపాయలు పడును. అదే యంత్రమును ఒక్క ఎకరమునకే వాడినచో పదేండ్లకు 168 గంటలే నడచును. గంటకు సుమారు 2,700 రూపాయలు పడును. పెట్రోలు, మరమ్మతులు దీనికి అదనము. ఎకరము, రెండెకరముల వారికి నడచుచు తోయు మోవరుతో పాటు ఒక బ్రష్ కట్టర్ చాలును. ట్రాక్టరు ఉన్నవారు చెట్ల వరుసల మధ్య స్లాషరును వాడుకొనవచ్చును.

పాడి ఉన్న రైతు మరియొక సంగతి గమనింపవలెను. ఈ యంత్రము గడ్డిని తునకలుగా చేసి వెదజల్లును. అది పశువుల మేతకు అనువుగా ఉండదు. చెట్ల పాదులలో ఆచ్ఛాదనగా మాత్రము ఉపయోగపడును. మేతయే ముఖ్యమైనచో గడ్డిని పొడవుగా కోసి పడవేయు యంత్రమునే తీసికొనుడు.

మన్నికను తెలుపు భాగములు

1. కోత పెట్టె: డెక్ అనబడు ఈ భాగమే రాళ్ల దెబ్బలను ఓర్చవలసినది. పలుచని రేకును అచ్చుగుద్ది చేసిన దానికంటె, మందపాటి ఉక్కు పలకలను వెల్డింగు చేసినది మేలు. మన చల్కా నేలలలో రాళ్లు ఎక్కువగుటచే దీనిని ఉపేక్షింపరాదు.

2. బ్లేడ్ల ఇరుసులు: పోత ఇనుప గూడు కలిగి, గ్రీజు పెట్టుటకు వీలున్న వానిని ఎన్నుకొనుడు.

3. చక్రములకు శక్తినిచ్చు పంపులు: చమురును, ఫిల్టరును మార్చుటకు వీలుండవలెను. మూసివేసిన రకము చౌకయే గాని, చమురు మార్చనిచో త్వరగా అరిగిపోవును.

4. గాలి ఫిల్టరు: వేసవి దుమ్ము ఇంజనుకు శత్రువు. పెద్ద ఫిల్టరు గలదే మంచిది.

5. విడిభాగములు: బెల్టులు, బ్లేడ్లు, ఫిల్టర్లు సికింద్రాబాదులోనో హైదరాబాదులోనో దొరకునా అని ముందే విచారింపుడు. భాగము దొరకని యంత్రము ఎంత గట్టిదైనను కొట్టములో పడియుండవలసినదే.

ప్రాణరక్షణ

ఈ యంత్రపు ముందు చక్రములు స్వేచ్ఛగా తిరుగునవి. వానికి పట్టు ఉండదు. తడిసిన ఏటవాలుపై యంత్రము జారి బోల్తాపడు ప్రమాదము కలదు. పది అడుగుల దూరమునకు రెండున్నర అడుగులకు మించి ఎత్తు పెరుగు చోట దీనిని నడుపరాదు. అంతకు తక్కువ వాలు అయినను నేల తడిగా ఉన్నచో ఆగుడు. చెరువు గట్లకు, బావి ఒడ్లకు దూరముగా ఉండుడు. రక్షణ కమాను ఉన్న యంత్రమునే కొని, దానిని నిలిపియుంచి నడపునపుడు నడికట్టు తప్పక పెట్టుకొనుడు. కోతకు ముందు రాళ్లు, తీగలు ఏరివేయుడు. బ్లేడు తగిలిన రాయి తుపాకి గుండువలె ఎగురును. పిల్లలను, పశువులను దగ్గరకు రానీయకుడు. బ్లేడ్లను ముట్టుటకు ముందు ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్గు తీగను ఊడదీయుడు.

సంరక్షణ

ఒక్క కోతలో గడ్డి ఎత్తులో మూడవ వంతు కంటె ఎక్కువ తీయకున్నచో గడ్డియు, యంత్రమును బాగుండును. వయ్యారిభామను పూత రాకముందే కోయవలెను. పుప్పొడి వలన ఉబ్బసము, చర్మవ్యాధులు కలుగును. పని ముగిసిన పిదప డెక్ అడుగున అంటిన గడ్డిని గీకివేయుడు, లేనిచో తుప్పు పట్టును. ఇంజను నూనెను యంత్రముతో ఇచ్చిన పుస్తకములో చెప్పిన గంటలకు మార్చుడు. నేటి పెట్రోలులో కలిపెడి ఇథనాలు తేమను పీల్చుకొనును. నెలకు మించి యంత్రము వాడనిచో ట్యాంకును ఖాళీ చేయుడు.

కడపటి మాట. దుకాణములోని నున్నని నేలపై చూచి బేరము చేయకుడు. యంత్రమును మీ స్థలమునకు తెప్పించి, మీ గడ్డిలో, మీ చెట్ల క్రింద, మీ చేతులతో ఒక గంట నడిపి చూడుడు. అందుకు ఒప్పుకొనని అమ్మకందారు రేపు మరమ్మతుకు పిలిచిన వచ్చునా అని ఆలోచించుకొనుడు.