కొండ దాటని పిలుపు

విశాఖ మన్యములో ప్రొద్దు వాలు వేళకు అనేక గూడెములలో ఒక క్రొత్త ఆచారము కనిపించును. కట్టెల మోపులు దించి, పశువులను కట్టివేసిన తరువాత కొందరు ఊరి వెలుపల ఎత్తున నున్న బండ వైపునకో, పనస చెట్టు వైపునకో నడచి పోవుదురు. పూర్వము ఆ బండ మీద కూర్చుండువారు పశువులు కాయు బాలురు మాత్రమే. నేడు అచ్చట కొడుకు మాట కొరకు వచ్చిన తల్లులుందురు. కూలికై దూరదేశము పోయిన భర్తల క్షేమము తెలిసికొనగోరు ఇల్లాండ్రుందురు. పరీక్షాఫలితము చూచుకొనవచ్చిన విద్యార్థులుందురు. ఒకరు ఫోను పట్టిన చేతిని పైకెత్తుదురు. ఒకరు రెండడుగులు ఎడమకు జరుగుదురు. సిగ్నలు తగిలిన చోట కదలక నిలిచి, గొంతెత్తి మాటాడుదురు. ఆ ఊరికి సెల్ ఫోను వచ్చినది. సిగ్నలు మాత్రము ఆ బండ వరకే వచ్చినది.

పట్టణవాసికి ఇది వినోదముగా తోచవచ్చును. కాని ఆ బండకును ఇంటికిని నడుమ నున్న దూరము వినోదము కాదు. నడిరేయి పురిటినొప్పులు ఆరంభమైన స్త్రీకి, పాము కరచిన బిడ్డకు ఆ దూరమే ఆయుష్షును నిర్ణయించును. ఆ దూరము కొండ వలన ఏర్పడినదా, మానవుల లెక్కల వలన ఏర్పడినదా అనునది విచారింపదగిన విషయము.

తేనెపట్టు గదులు

'సెల్' అనగా గది. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల ఇంజనీర్లు ఒక ఊహ చేసిరి. ఒక మహాప్రసారకేంద్రముతో ప్రదేశమునంతటిని కప్పుటకు బదులు, నేలను తేనెపట్టు వలె ఆరు కోణముల గదులుగా విభజించి, గదికొక చిన్న కేంద్రమును నిలుపవచ్చునని వారి భావము. అట్లు చేసినచో, ఒక గదిలో వాడిన తరంగమునే దూరపు గదిలో మరల వాడుకొనవచ్చును. ఆ ఊహ చేతిలో పట్టుకొను ఫోనుగా మారుటకు 26 సంవత్సరములు పట్టినది. 1973 ఏప్రిల్ 3న న్యూయార్కు వీథిలో నిలిచి మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ తొలి పిలుపు చేసెను. భారతదేశమున 1995 జూలై 31న నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్ రామ్‌తో మాటాడుటతో ఆ యుగము ఆరంభమైనది.

తేనెటీగ తన గదులను చాలవరకు సమానముగా కట్టును. మానవుడు అట్లు కట్టలేదు. జనము దట్టముగా నున్నచోట గదులు చిన్నవై, ఒకదాని ప్రక్క ఒకటి క్రిక్కిరిసి యున్నవి. జనము పలుచనైనచోట గదులు పెద్దవి. కొన్నిచోట్ల గదులే లేవు.

గది ఎంత పెద్దదైనను దానికి హద్దులు కలవు. మొదటి హద్దు భూమి వంపు. 40 మీటర్ల టవరు కొన నుండి చూచువానికి, నేల ఎంత చదునైనదైనను, సుమారు 22 కిలోమీటర్ల దూరముననే దిగంతము కనిపించును. రెండవ హద్దు కాలము. పాత జీ.ఎస్.ఎం. పద్ధతిలో ప్రతి ఫోను పలుకును తనకు కేటాయించిన క్షణమునందే టవరును చేరవలెను. తరంగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తునదే అయినను, 35 కిలోమీటర్లు పోయి వచ్చుటకు సెకనును పదివేల భాగములు చేసిన అందు రెండు భాగములకు పైగా పట్టును. అంతకు మించిన ఆలస్యమును ఆ పద్ధతి సామాన్యముగా సహింపదు. కావున టవరు పలుకు వినిపించినను 35 కిలోమీటర్లకు ఆవల పిలుపు కలియదు.

మూడవ హద్దు కొండ. ఇచ్చట తరంగదైర్ఘ్యము ముఖ్యమైనది. 700 మెగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు 43 సెంటీమీటర్లు. 2300 మెగాహెర్ట్జ్ తరంగము పొడవు 13 సెంటీమీటర్లు. పొడవైన తరంగము అడ్డంకుల అంచుల వద్ద కొంత వంగి పోగలదు. ఆకుల గుండ కొంత చొరగలదు. పొట్టి తరంగములకు ఆ నేర్పు తక్కువ. పాఠశాలలో 'వివర్తనము' అని చెప్పు పాఠమిదియే. అయినను గట్టు అంతయు అడ్డము నిలిచినపుడు రెండును ఓడిపోవును. లోయలోని గూడెమునకు నాలుగు కిలోమీటర్ల దూరముననే టవరున్నను, నడుమ కొండ యున్నచో అది నలుబది కిలోమీటర్ల దూరమున నున్నట్లే.

మరియొక విశేషము కలదు. టవరు 20 లేక 40 వాట్ల శక్తితో పలుకును. 4జీ ఫోను ఒక వాటులో అయిదవ వంతు శక్తితో బదులు చెప్పును. ఏటి ఆవలి గట్టున బిగ్గరగా కేకవేయువాని మాట ఈవలి గట్టువానికి వినవచ్చును. వీడు నెమ్మదిగా ఇచ్చు జవాబు వానికి చేరదు. ఫోను తెర మీద సిగ్నలు గీతలు కనిపించినను పిలుపు కలియకపోవుటకు ఇది ఒక కారణము. ప్రజలు ఫోనును శంకింతురు. నిజమునకు అది తన శక్తికొలది అరచుచునే యుండును.

టవరు వెనుక లెక్క

కొండ అడ్డమైనచో కొండ మీదనే టవరు నిలుపరాదా అని విద్యార్థి అడుగవచ్చును. నిలుపవచ్చును. కాని టవరు ఒంటరి ఇనుపస్తంభము కాదు. దానికి రాత్రింబవళ్లు విద్యుత్తు కావలెను. కరెంటు పోయినపుడు బ్యాటరీలో, డీజిలు జనరేటరో, సౌరఫలకములో ఆదుకొనవలెను. అది గ్రహించిన మాటను పట్టణమునకు చేర్చుటకు మరియొక దారి కావలెను. ఆ దారి భూమిలో పరచిన ఆప్టికల్ ఫైబరు కావచ్చును. శిఖరము నుండి శిఖరమునకు దూకు మైక్రోవేవు కావచ్చును. ఏదియు వీలుగానిచోట ఉపగ్రహము కావచ్చును. ఇనుము, సిమెంటు మోయుటకు బండిదారి కావలెను. అటవీభూమియైనచో 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము ననుసరించి అనుమతి కావలెను. నల్లమలలోని చెంచు పెంటలవంటివి పులుల అభయారణ్యముల నడుమ నున్నవి. అచ్చట ఈ చిక్కు మరింత బిగువైనది.

ఇంత వ్యయము చేసి నిలిపిన టవరు క్రింద రెండువందల గడపలు మాత్రమే యున్నచో వ్యాపారసంస్థకు పెట్టుబడి తిరిగి రాదు. వ్యాపారి లాభనష్టములు చూచుకొనుట వింత కాదు. లాభము లేనిచోటికి పోవలసినది ప్రభుత్వము. పోస్టు కార్డు ధర పట్టణమునకొకటి, మన్యమునకొకటి కానట్లే, పిలుపు కూడ అందరికి అందవలెనన్న సూత్రము ఈ దేశమునకు క్రొత్తది కాదు.

ఆ సూత్రమునకు ఒక చక్కని ఉదాహరణము కలదు. 1984లో కేంద్రప్రభుత్వము స్థాపించిన సీ-డాట్ సంస్థ, శామ్ పిట్రోడా ప్రోత్సాహమున, పల్లెల కొరకై 128 లైన్ల చిన్న టెలిఫోను ఎక్స్‌ఛేంజిని తయారుచేసినది. దానిని 1986లో కర్ణాటకలోని కిత్తూరులో తొలిసారిగా నెలకొల్పిరి. విదేశపు ఎక్స్‌ఛేంజీలకు శీతలీకరించిన గదులు కావలసియుండగా, ఇది ఎండను, దుమ్మును ఓర్చుకొని పనిచేసినది. యంత్రమునకు అనుగుణముగా పల్లెను మార్పలేదు. పల్లెకు అనుగుణముగా యంత్రమును మార్చిరి. పిమ్మట వీథివీథిన వెలసిన ఎస్.టి.డి. బూతులు ఇంట ఫోను లేనివానికి కూడ మాటను అందించినవి.

సెల్ ఫోను కాలమున ఆ భారము ఒక నిధిపై పడినది. 2002లో ఏర్పడిన సార్వత్రిక సేవా నిధికి టెలిఫోను కంపెనీల రాబడి నుండి భాగము చేరుచున్నది. 2024లో దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చిరి. ఆ నిధితో నక్సలైటు ప్రాబల్య ప్రాంతములలో తొలి విడతగా 2,343 టవర్లు నిలిచినవి. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్, మహారాష్ట్రములలోని 44 వెనుకబడిన జిల్లాల యందు 7,287 గ్రామములకు 4జీ సేవ కల్పింప కేంద్రమంత్రివర్గము అంగీకరించినది. వానిలో నాటి విశాఖపట్నము జిల్లా ఒకటి. దాని మన్యభాగమే 2022 నుండి పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. 2022 జూలైలో దేశమందలి మరి 24,680 గ్రామములకై 26,316 కోట్ల రూపాయల పథకమును ఆమోదించిరి. ఈ అంకెలు ప్రయత్నమును తెలుపుచున్నవి; తొలి పిలుపు జరిగిన 27 సంవత్సరముల తరువాత కూడ ఇన్నివేల ఊళ్లు వెలుపల మిగిలియుండెనన్న సత్యమును కూడ తెలుపుచున్నవి.

పటములోని రంగు

ఇచ్చట గమనింపవలసిన చిక్కు ఒకటి కలదు. ఈ లెక్కలన్నియు గ్రామము పేర జరుగును. మైదానమున గ్రామమనగా ఒకచోట గుమిగూడిన ఇండ్లు. మన్యమున అట్లు కాదు. ఒక రెవిన్యూ గ్రామము పేర పలు గూడెములుండును. ఒకటి గట్టు మీద, ఒకటి లోయలో, ఒకటి వాగు కావల. పెద్ద గూడెమునకు సిగ్నలు తగిలినంతనే పుస్తకములో ఆ గ్రామము చేరినట్లు వ్రాసికొనవచ్చును. పటములో దానికి రంగు పూయవచ్చును. వాగు కావలి గూడెము ఆ రంగు క్రింద మాయమగును. సిగ్నలు లేని ఊరు కనీసము అడుగుటకు నోచుకొన్నది. ఉన్నదని వ్రాయబడిన ఊరు అడుగుటకు కూడ నోచుకొనదు.

ఒకప్పుడు ఫోను లేకున్నను బ్రతుకు సాగెడిది. నేడు సాగదు, ఏలయన, ప్రభుత్వపు పనులు ఒక్కొక్కటిగా ఫోనులోనికి చేరినవి. చౌకధరల దుకాణమున బియ్యము కావలెనన్న యంత్రము మీద వేలిముద్ర వేయవలెను. ఆ యంత్రము సిగ్నలును వెదకికొనును. సిగ్నలు లేనిచోట బియ్యము మోసికొని పోవుటకే కాక, వ్రేలు నొక్కుటకు కూడ కొండ దిగవలసి వచ్చును. 2023 జనవరి 1 నుండి గ్రామీణ ఉపాధి హామీ పనిస్థలములలో దినమునకు రెండుమార్లు కూలీల ఛాయాచిత్రములు తీసి ఫోను ద్వారా పంపుట తప్పనిసరి చేసిరి. మన్ను మోసినది నిజమే. ఛాయాచిత్రము చేరనిచో కూలి చిక్కులో పడును. 2020లో పాఠశాలలు మూతపడినపుడు తెలంగాణమున సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్, టీ-శాట్ ద్వారా పాఠములు చెప్పిరి. టెలివిజను లేని ఇంటి పిల్లవానికి ఫోనే తరగతిగది. సిగ్నలు లేనివానికి ఆ గది తలుపు తెరువబడలేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 వాహనము ఎందరి ప్రాణములనో నిలిపినది. కాని దానిని పిలుచుటకు ముందు పిలుపు కలియవలెను. డోలీ కట్టి గర్భిణిని మోసికొని పోవువారు రోడ్డు చేరువరకు మోయుదురని అందరు ఎరుగుదురు. సిగ్నలు తగులు చోటు వరకు కూడ మోయుచున్నారని ఎరిగినవారు తక్కువ.

తప్పనిసరి చేయుట ముందు, సౌకర్యము కల్పించుట తరువాత. ఈ వరుస తారుమారైన దానివలన కలిగిన కష్టమే ఇది. కొండ దీనికి సాక్షి మాత్రమే, దోషి కాదు.

చేయదగినవి

చేయదగినవి అసాధ్యములు కావు. మన్యమునకు పొడవైన తరంగములను వాడవచ్చును. ఒక కంపెనీ టవరు క్రింద తక్కిన కంపెనీల సిమ్ములు కూడ పనిచేయునట్లు, నిధి వ్యయముతో నిలిచిన టవర్లలో 2025 జనవరిలో ఏర్పాటు ఆరంభమైనది. అది ప్రతి కొండకు చేరవలెను. లెక్కకు గ్రామమును కాక గూడెమును ప్రమాణముగా తీసికొనవలెను. సిగ్నలు చేరువరకు బియ్యమునకు, కూలికి కాగితపు పుస్తకమును చెల్లుబాటుగా ఉంచవలెను.

ఉపాధ్యాయులు చేయదగిన పనియు ఒకటి కలదు. ఏ కంపెనీ సిగ్నలు ఏ ఇంట, ఏ వేళ అందుచున్నదో విద్యార్థులచేత ఊరి పటము గీయించవచ్చును. ఉదయము ఒకమారు, సాయంకాలము ఒకమారు, వాన కురిసిన దినమున ఒకమారు చూచి వ్రాసినచో అది భౌతికశాస్త్రపు పాఠమగును, పౌరధర్మపు పాఠమునగును. 1996 నాటి పీసా చట్టము షెడ్యూలు ప్రాంతముల గ్రామసభలకు ప్రత్యేక స్థానమిచ్చినది. ఆ పటము గ్రామసభ ముందుంచి తీర్మానముగా పంపినచో, పై కార్యాలయపు పటములోని రంగుకు జవాబు చెప్పు పత్రము ఊరికి లభించును.

పిల్లలకు మరియొక మాట నేర్పవలెను. తన సిమ్ కంపెనీ సిగ్నలు లేకున్నను, వేరొక కంపెనీ సిగ్నలు అందుచున్న చోట ఫోను ఆ దారినే అత్యవసర సంఖ్య 112ను పిలువగలదు. తెర మీద 'అత్యవసర పిలుపులు మాత్రమే' అని కనిపించినచో నిరాశపడక ప్రయత్నింపవలెను. ఈ చిన్న సంగతి తెలియక విలువైన గడియలు వ్యర్థము కారాదు.

ఒక ఊరికి సిగ్నలు వచ్చినదో లేదో చెప్పుటకు పటము చాలదు, టవరు ఎత్తు చాలదు. ఊరి వెలుపలి బండను చూచిన చాలును. ఆ బండ మీద మరల పశువులు కాయు బాలురు మాత్రమే కూర్చుండి, తల్లులు తమ ఇంటి అరుగు మీదనే కొడుకుల మాట వినుచున్న దినమున, ఆ ఊరికి సిగ్నలు వచ్చినదని వ్రాసికొనవచ్చును.