రాళ్ళబాటలపై సైకిలు: ఎవరికి ఏ దారి?

మా పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులు ఈ సంవత్సరము మమ్ము తఱచుగా అడిగిన ప్రశ్న యొకటి గలదు. పిల్లవాడు గేర్ల సైకిలు కావలెనని పట్టుబట్టుచున్నాడు. కొనియిచ్చినచో గుట్టల వెంట తిరిగి కాలుసేతులు విఱుగగొట్టుకొనునేమో యని వారి భయము. భయము సహేతుకమే. అయినను దోషము సైకిలునందు లేదు, తగని దారిని ఎన్నుకొనుటయందు గలదు.

గుట్టబాటల సైకిలు క్రీడ 1970వ దశకమున అమెరికాలోని కాలిఫోర్నియాలో యువకుల వినోదముగా పెంపొంది, 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలయందు చోటు సంపాదించినది. అచ్చట బాట మొదటనే గుర్తు నాటుదురు. ఆకుపచ్చని వృత్తమున్న బాట సులభము, నీలి చతురస్రమున్నది మధ్యమము, నల్లని వజ్రాకారమున్నది కఠినము. మేము తొక్కిన దారులలో అట్టి గుర్తులు కానరాలేదు గనుక మా యనుభవమునే ఇచ్చట వ్రాయుచున్నాము.

క్రొత్తగా నేర్చినవారికి హిప్పర్గా చెఱువు చాలును. సోలాపురమునకు ఈశాన్యమున సుమారు 8 కి.మీ. దూరమున ఆదిలా నదిపై 1871లో నిర్మాణము పూర్తియైన ఈ చెఱువునే ఏక్రూక్ అనియు అందురు. దాని పరిసరముల మట్టిబాటలలో ఎక్కుడు దిగుళ్ళు స్వల్పము. గేర్లు లేని పాత సైకిలే ఇచ్చట సరిపోవును. దీనికొఱకు అప్పు చేయనక్కఱలేదు. ఇచ్చటి శత్రువు తుమ్మముల్లు. గాలిపంపు, పంక్చరు సామాను లేనివాడు సైకిలును మోసికొని రావలసినదే. మేమును ఒకమారు మోసితిమి.

రెండవది బార్శీ దారిలో సుమారు 20 కి.మీ. దూరముననున్న నాన్నజ్ వైపు బండ్లబాటలు. బట్టమేక పిట్టల రక్షణకై 1979లో ఏర్పడిన అభయారణ్యము అచ్చటనే యున్నది. అనుమతి లేక దానిలో ప్రవేశింపరాదు. వెలుపలి బాటలే మనవి. గులకఱాళ్ళు, చిన్న వాగుల దాటుళ్ళు ఉండును గనుక పెడలుపై నిలిచి మోకాళ్ళు వంచి తొక్కుట తెలిసియుండవలెను. వానలు కురిసిన పిదప పోరాదు. నల్లరేగడి చక్రమునకు చుట్టుకొని బ్రేకుల సందున కూరుకొనిపోవును. సైకిలు కదలనే కదలదు.

కఠినమైనది తుల్జాపురపు కనుమ. నగరమునుండి సుమారు 45 కి.మీ. కోజాగిరీ పున్నమకు మనవారనేకులు కాలినడకన పోవు దారియే గాని, బాలాఘాటు కొండలయంచున సైకిలు దింపుట వేఱు విద్య. ఎక్కునపుడు వాలు మొదలగుటకు ముందే తేలిక గేరు వేయవలెను. దిగునపుడు ముందు బ్రేకు నొక్కదానినే గట్టిగా పట్టినచో మనిషి తలక్రిందులగును. రెండును మెల్లగా పట్టి శరీరభారమును వెనుకకు జరుపవలెను.

ఇచ్చట మా తప్పొకటి చెప్పవలసియున్నది. రెండేండ్ల క్రిందట పైతరగతి బాలురను ఆ కనుమకు తీసికొనిపోయితిమి. ఒకడు తండ్రి పాత సైకిలుపై వచ్చెను. దాని బ్రేకు రబ్బర్లు అరిగియుండుటను మేము చూడలేదు. దిగుడులో వాడు పడి మణికట్టు విఱుగగొట్టుకొనెను. మఱునాడు వాని తండ్రి వచ్చి, “సాంచె నడుపుటకు ముందు మేము పట్టా బిగువు చూచుకొందుము సార్, మీరు బ్రేకు చూడలేదా?” అనెను. మాకు బదులు దొరకలేదు.

నాటినుండి నియమము మార్చితిమి. హిప్పర్గాకు మూడుమార్లు పోయివచ్చినవారికే నాన్నజ్. అచ్చట పడక తొక్కినవారికే కనుమ, అదియు లారీల రద్దీ పెరుగకముందు, మాతోడనే. శిరస్త్రాణము లేనివారిని వెనుకకు పంపుదుము. కొనలేనివారికై పాఠశాలలో ఆఱు ఉంచితిమి. నీళ్ళు చాలినంత లేనిదే ఎవ్వరును బయలుదేరరాదు; మార్చి దాటినచో ఎండకు జడిసి ఈ పయనములే మానుదుము.

ఈ డిసెంబరున మొదటి ఆదివారము హిప్పర్గాకు పోవువారిలో బాలికలును ఉన్నారు. వారిని పంపుటకు సందేహించు తల్లులు తామే వచ్చి చూడవచ్చును. ఉదయము 6 గంటలకు పాఠశాల ద్వారమునొద్ద ప్రతి సైకిలు బ్రేకులను మేమే స్వయముగా పరీక్షింతుము.