నడుముకు వేలాడే కత్తి, దాన్ని పట్టి ఉంచే ఒర

మడతపడని కత్తికి పదును ఎప్పుడూ బయటే ఉంటుంది. జేబులో పెట్టుకునే చాకు పని కాగానే అలుగును పిడిలోకి మడిచేసుకుంటుంది. అలుగు, పిడి ఒకటిగా బిగిసి ఉన్న కత్తికి ఆ వీలు లేదు. అలాంటి కత్తితో అడవిలో నడవాలన్నా, గట్టు దిగాలన్నా, పడవలో వంగి వల లాగాలన్నా ఆ పదును ఎక్కడో ఒకచోట దాగాలి. ఆ చోటే ఒర. ఒర అంటే కత్తికి వేసే తొడుగే కదా అని తేలిగ్గా అనుకుంటారు గానీ, నడుముకు కట్టుకునే కత్తి విషయంలో దానికి బరువైన బాధ్యతలే ఉన్నాయి. పదును మనిషికి తగలకూడదు. మనిషి పరుగెత్తినా, పడినా, తలకిందులైనా కత్తి జారిపోకూడదు. అయినా అవసరమైన క్షణంలో ఒంటి చేతికి తేలిగ్గా రావాలి. గట్టిగా పట్టి ఉంచడం, తేలిగ్గా వదలడం ఒకదానికొకటి అడ్డమే. మంచి ఒర తయారీ అంతా ఈ రెంటినీ కలపడంలోనే ఉంది.

ఫిన్లండ్ పల్లెల్లో తరతరాలుగా వాడుతున్న బెల్టు కత్తి ఈ చిక్కును చక్కగా విప్పింది. దాని అలుగు ఇంచుమించు అరచేతి వెడల్పు అంత, సుమారు 8 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటుంది. వెన్ను నిటారుగా ఉంటుంది. పిడిని బర్చ్ చెక్కతోనో, బర్చ్ బెరడు ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి బిగించో చేస్తారు. చెక్క చెక్కడానికి, చేప కోయడానికి, తాడు తెంపడానికి, వంటకు అన్నిటికీ అదే కత్తి. కౌహవా పట్టణంలో ఈసాక్కి యార్వెన్‌పా కర్మాగారం 1879 నుంచి, ఉత్తరాన రొవానియెమిలో మార్తీని సంస్థ 1928 నుంచి ఈ కత్తులు చేస్తున్నాయి. చూడగానే కొట్టొచ్చినట్టు కనిపించే విషయం ఒకటుంది. పిడికీ అలుగుకూ మధ్య వేళ్లు ముందుకు జారకుండా ఆపే అడ్డుకమ్మి ఈ కత్తికి ఉండదు. ఇది లోపం కాదు. పొడవడానికి కాక చెక్కడానికి పుట్టిన కత్తి కాబట్టి ఆ కమ్మితో దానికి పనిలేదు. కమ్మి లేకపోవడం వల్ల ఒరకు ఒక గొప్ప లాభం కలిగింది: కత్తి అలుగుతో ఆగకుండా, పిడిలో సగమో అంతకన్నా ఎక్కువో లోపలికి దిగుతుంది.

కత్తి జారకపోవడానికి అసలు కారణం ఆ లోతే. ఒర పట్టుకునేది అలుగును కాదు, పిడిని. పిడి నడుమ కాస్త లావుగా ఉండి అటూ ఇటూ సన్నబడుతుంది. తోలు ఆ ఆకారానికే అచ్చుపడి ఉంటుంది. కత్తిని లోపలికి తోస్తే పిడి పొట్టభాగం ఒర మూతి దాటుతుండగా తోలు కొద్దిగా సాగుతుంది, దాటాక మళ్లీ దగ్గరికొచ్చి పట్టేస్తుంది. పట్టీ, గుండీ ఏవీ అక్కర్లేదు. ఇందుకోసం తోలును నానబెట్టి, కత్తి చుట్టూ చుట్టి, వెనకవైపు నిలువుగా కుట్టి, వేళ్లతోనూ నున్నటి కర్రముక్కతోనూ అదిమి, కత్తితో సహా ఆరనిస్తారు. ఆరిన తోలు ఆ రూపంలో గట్టిపడుతుంది. అలుగు ఉండే భాగంలో మాత్రం లోపల పల్చటి చెక్క గూడు పెడతారు. కొన పడేది, పదును రాసుకునేది ఆ చెక్కకే. అందువల్ల తోలు తెగదు, కుట్టుదారం తెగదు, కత్తి మీద మనిషి పడినా కొన ఒరను చీల్చుకుని బయటికి రాదు. చెక్క గూడు లేని ఒరల్లో ఈ పని మరో రకంగా జరుగుతుంది: రెండు తోలు పొరల మధ్య, పదును వైపు, మందపాటి తోలు పట్టీ ఒకటి పెట్టి కుడతారు. అది లేని ఒరను కొనకపోవడమే మంచిది. అందులో కత్తి రోజూ కుట్టునే కోస్తుంది.

తోలు ఎలాంటిదన్నదీ ముఖ్యమే. నీటిలో మెత్తబడి, ఆరాక రూపం నిలుపుకునే గుణం చెట్ల బెరడుతో ఊనిన తోలుకే ఉంది. మన ప్రాంతంలో తంగేడు బెరడుతో, కరక్కాయతో తోళ్లు ఊనడం పాత పద్ధతి. ఆ తోలు ఒరకు సరిగ్గా సరిపోతుంది. క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలు మెత్తగా, జాకెట్లకూ సంచులకూ బాగుంటుంది గానీ అచ్చుపడదు. పైగా అందులో మిగిలిన లవణాలు ఉక్కుకు తుప్పు పట్టిస్తాయి. ఎలాంటి తోలైనా తేమను పీల్చుకుంటుంది కాబట్టి, వాడనప్పుడు కత్తిని నెలల తరబడి ఒరలోనే ఉంచేయకూడదు. తుడిచి, పల్చగా నూనె రాసి, విడిగా దాచాలి.

ఒర బెల్టుకు ఎలా తగులుకుంటుందన్నది తర్వాతి మాట. ఫిన్లండ్ ఒర బెల్టుకు గట్టిగా అతుక్కోదు. చిన్న తోలు ఉచ్చుకో ఉంగరానికో వదులుగా వేలాడుతుంది. కూర్చున్నప్పుడు అది తొడ పక్కకు ఒరిగిపోతుంది. కొన పొట్టలోకో తొడలోకో నొక్కుకోదు. మంచులో, పడవలో, బండి మీద రోజంతా గడిపేవారికి ఇది హాయి. కానీ పరుగెత్తితే ఊగుతుంది, పొదల్లో తగులుకుంటుంది. బెల్టుకు హత్తుకుని ఎత్తులో ఉండే ఒర కదలదు. అయితే కారు సీటులో కూర్చుంటే పిడి పక్కటెముకలకు గుచ్చుకుంటుంది. ఏ పని ఎక్కువో దాన్నిబట్టి ఎంచుకోవాలి. ఎటు తగిలించినా ఒర ఉచ్చు బెల్టు వెడల్పుకు సరిపోవాలి. వదులుగా ఉంటే ఒర నడుము చుట్టూ జారుతూ తిరుగుతుంది. ప్యాంటుకు బెల్టు దూర్చే రెండు పట్టీల మధ్య తగిలిస్తే ఉన్నచోటే నిలుస్తుంది. పని చేసే చేతివైపు, తుంటి ఎముకకు కాస్త వెనకగా ఉండటం అన్నిటికన్నా క్షేమం. గజ్జలకు దగ్గరగా, ముందువైపు పెట్టుకోవడం మంచిది కాదు. అక్కడ తొడలోకి వెళ్లే పెద్ద ధమని ఉంది. పొలంపనుల్లో కొడవలినీ కత్తినీ ఒర లేకుండా మొలలో దోపుకోవడం మనకు అలవాటే. వంగినప్పుడో, గట్టు మీద కాలు జారినప్పుడో ఆ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది.

పిడిని పట్టే లోతు లేని ఒరలకు గుండీ పట్టీ తగిలిస్తారు. అది నమ్మకమైనదే. అయితే పట్టీ పదును దారిలో ఉంటే కత్తి తీసిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా తెగుతుంది. తెగిపోయిన సంగతి కత్తి పోయాక గానీ తెలియదు. కైడెక్స్ వంటి ప్లాస్టిక్ రేకును వేడిచేసి కత్తి చుట్టూ నొక్కి చేసే ఒరలు ఇప్పుడు విరివిగా వస్తున్నాయి. కత్తి లోపలికి వెళ్లగానే టక్కుమని చప్పుడు చేసి పట్టుకుంటాయి. నీరు పీల్చవు, కుళ్లవు. చేపలు పట్టేవారికి, వానలో తిరిగేవారికి ఇవే మేలు. లోపల చేరిన ఇసుక మాత్రం అలుగును గీరుతుంది కాబట్టి అప్పుడప్పుడూ కడగాలి. అడుగున నీరు కారే చిల్లు ఉండాలి.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మన సామెత. నేపాలీల కుక్రీ ఒరలో మూడు ఇముడుతాయి! రెండు చెక్క బద్దలను కలిపి, పైన గేదె తోలు తొడిగి, కొనకు లోహపు తొడుగు వేసిన ఆ ఒరకు వెనకవైపు చిన్న అరలుంటాయి. వాటిలో సన్న పనులకు కర్ద అనే చిన్న కత్తి, పదును సరిచేయడానికి చక్మక్ అనే మొద్దు పనిముట్టు ఉంటాయి. కుక్రీ అలుగు ముందుకు వంగి ఉంటుంది కనుక, తీసేటప్పుడు పదును ఒర లోపలి అంచును రాసుకుంటూ వస్తుంది. పాత ఒరలో చెక్క అరిగి, అతుకు విడితే పదును తోలును కోసుకుని బయటికి వస్తుంది. అందుకే ఒరను పట్టుకున్న చేతి వేళ్లు పదును వైపుకు చుట్టుకోకూడదని, వెన్ను వైపే పట్టుకోవాలని కొత్తవారికి మొట్టమొదట నేర్పుతారు. ఈ జాగ్రత్త ఏ కత్తి ఒరకైనా వర్తిస్తుంది.

కత్తి వల్ల గాయాలు పని మధ్యలోనే కాదు, తీసేటప్పుడూ తిరిగి పెట్టేటప్పుడూ అవుతాయి. బిగుసుకున్న కత్తిని ఒక్క ఊపున లాగితే చేయి అదుపు తప్పి ఎటో పోతుంది. నాలుగు వేళ్లతో పిడిని పట్టి, బొటనవేలిని ఒర మూతి అంచుకు ఆనించి కిందికి నొక్కితే కత్తి అంగుళం మేర మెల్లగా పైకి లేస్తుంది. పట్టు విడిపోయింది కాబట్టి ఆ తర్వాత నింపాదిగా తీయవచ్చు. తిరిగి పెట్టడంలో తొందర అసలే పనికిరాదు. ఆగి, చూసుకుంటూ, వెన్నును ఒర గోడకు ఆనించి దించాలి. ఒర మూతి ఎక్కడుందో రెండో చేతి వేళ్లతో వెతకడం, కొనతో తడమడం రెండూ ప్రమాదమే. మాట్లాడుతూ, నడుస్తూ పెట్టడమూ అంతే.

ఒర పట్టు సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి తేలికైన పరీక్ష ఉంది. చుట్టూ ఎవరూ లేనిచోట, మెత్తటి నేల మీదికి వంగి, కత్తి ఉన్న ఒరను తలకిందులుగా పట్టి గట్టిగా విదిలించాలి. జారితే ఆ ఒరను నడుముకు కట్టకూడదు. వాడేకొద్దీ తోలు వదులవుతుంది. మూతిని గోరువెచ్చని నీటిలో తడిపి, పిడికి పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి లోపల పెట్టి, అదిమి ఆరనిస్తే చాలావరకు పట్టు తిరిగొస్తుంది. తోలుకు నూనె ఎక్కువ పట్టిస్తే మెత్తబడి రూపమే పోతుంది. వేడి నీటిలో ముంచితే ముడుచుకుని పెళుసవుతుంది. కొనదగ్గర తోలు ఉబ్బినా, కుట్టు విడుతున్నా మరమ్మతు దాకా వాడకూడదు.

నడుముకు కత్తితో ఎక్కడికైనా వెళ్లవచ్చని కాదు. ఫిన్లండ్‌లోనే, 2003 నాటి ప్రజా శాంతి చట్టం ప్రకారం, పని వంటి తగిన కారణం లేకుండా బహిరంగ స్థలాల్లో కత్తి ధరించకూడదు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నియమాలు 9 అంగుళాల కన్నా పొడవైన, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన అలుగున్న కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చాయి. ఇంటిపని, వ్యవసాయం, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతాల్లో ఇలాంటి ఆయుధాలకు లైసెన్సు కావాలి. అంతకన్నా చిన్న కత్తైనా రద్దీ ప్రాంతాల్లో నడుముకు కనిపిస్తే పోలీసులు ప్రశ్నించవచ్చు. విమానంలో చేతి సంచిలోకి అనుమతి లేదు. ఒరలో పెట్టి, కొన గుచ్చుకోకుండా మందంగా చుట్టి, ముందుగా అప్పగించే సామానులో వేయాలి.