రాష్ట్రపక్షులు - మన యింటి పంజరములు

ప్రతి రాజ్యమునకును ఒక చిహ్నముండుట ప్రాచీనకాలమునుండి వచ్చుచున్న ఆచారము. చాళుక్యులకును, విజయనగర ప్రభువులకును వరాహము లాంఛనమై యుండెను. నేటి రాష్ట్రములు ముద్రతో తృప్తి నొందక, తమ నేలపై పెరుగు పక్షిని, మృగమును, వృక్షమును, పుష్పమును గూడ చిహ్నములుగా స్వీకరించినవి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకు పాలపిట్ట, కృష్ణజింక, వేపచెట్టు, కలువపూవు చిహ్నములుగా నుండెను. 2014వ సంవత్సరమున రాష్ట్రము రెండైన పిదప, తెలంగాణ ఆ యేటనే పాలపిట్టను, చుక్కలజింకను, జమ్మిచెట్టును, తంగేడుపూవును ఎన్నుకొనెను. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను, కృష్ణజింకను, వేపను, మల్లెను నిర్ణయించుకొనెను.

సోదరీమణులారా! ఇందులో పెక్కు మన యింటి వస్తువులే గదా! తంగేడు లేనిదే బతుకమ్మ లేదు. జమ్మి లేనిదే దసరా లేదు. వేపపూవు లేని ఉగాదిపచ్చడి మన మెరుగము. కావున ఈ చిహ్నముల మర్యాద నిలుపు భారము ప్రభుత్వముతోపాటు గృహిణులపైనను గలదని మా యభిప్రాయము. ఆ మర్యాద పూవులకు దక్కుచున్నది గాని పక్షులకు దక్కుట లేదు.

దసరానాడు పాలపిట్టను చూచిన శుభమని పెద్దల నమ్మకము. అజ్ఞాతవాసము ముగిసి మరలివచ్చు పాండవులకు ఈ పిట్ట కనబడెననియు, పిమ్మట వారికి జయము కలిగెననియు చెప్పుదురు. పూర్వము ఊరిబయటి పొలములకేగి, ఎండుకొమ్మపై కూర్చున్న పిట్టను చూచి నమస్కరించి వచ్చెడివారు. నేడు కొందరు పిట్టలను ముందుగనే పట్టి, పంజరములలో నుంచి, డబ్బు పుచ్చుకొని చూపుచున్నారు. ఎగిరిపోకుండ ఈకలు కత్తిరించుటయు, కాళ్లు కట్టుటయు గలదు. మిడుతలను, పురుగులను వేటాడి తిను పక్షి పంజరములో ఎట్లు బ్రతుకగలదు? మనకు శుభము చూపుటకై తెచ్చిన పిట్టలలో ఎన్నియో చచ్చుచున్నవి.

చిలుక సంగతియు ఇట్టిదే. చెట్టుతొర్రలోని పిల్లలను రెక్కలు రాకమునుపే తీసి అమ్ముదురు. మనము ముచ్చటపడి కొని, జామపండు పెట్టి, పలుకులు నేర్పుదుము. మన ప్రేమ నిజమైనదే. కాని దాని యాకాశము దానికి లేకపోయెను. అదియునుగాక, 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి పాలపిట్టను గాని రామచిలుకను గాని పట్టుటయు, అమ్ముటయు, పంజరమున బంధించుటయు నేరము. ఈ సంగతి తెలియని యిండ్లు పెక్కు గలవు.

ఇప్పటికే ఇంట చిలుక యున్నచో తొందరపడి తలుపు తీసి విడువరాదు. పంజరమున పెరిగిన పక్షి ఆహారము వెదకికొనజాలదు. కాకులకును పిల్లులకును చిక్కును. దానిని అటవీశాఖవారికి అప్పగించుట మేలు. బిడ్డలు చిలుకను కోరినచో, పెరటిలో జామచెట్టు నాటి, పండ్లలో కొన్నిటిని కోయక విడిచిన చాలును. చిలుకలు తామే వచ్చును.

ఈ దసరాకు పంజరము చూపువానికి ఒక్క కాసైనను ఈయకుందుము గాక. కొనువారు లేనిచో పట్టువారును ఉండరు. పొలములకేగు వీలున్నవారు ఉదయముననే బిడ్డలను వెంటగొని పోయి, స్వేచ్ఛగా తిరుగు పాలపిట్టను చూపవలెనని మా ప్రార్థన. పిట్ట కనబడని యేడు జమ్మిచెట్టునకు మ్రొక్కి వచ్చినను పండుగకు లోపము లేదు.