మందు గురి తప్పకుండా

మన వరంగల్ సంఘాల్లో పెద్దపేగు క్యాన్సర్‌తో పోరాడుతున్నవారి కోసం ప్రార్థిస్తున్నాం. నోటిపూత, విరేచనాలు తట్టుకోలేక కొందరు కీమో మధ్యలోనే మానేస్తున్నారు. వేగంగా పెరిగే కణాలను దెబ్బతీసే ఆ మందు పేగులోని మంచి కణాలనూ వదలదు.

అందుకే మందును నానో రేణువుల్లో పొదిగి గడ్డకే చేర్చాలని శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్నారు. నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు. కొన్ని రేణువులకు ఫోలిక్ ఆమ్లం తగిలిస్తారు. దాన్ని ఎక్కువగా పట్టుకునే క్యాన్సర్ కణాలు మందునూ లోనికి తీసుకుంటాయి. ఆ ఆమ్లంపై కృషిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టిన తెలుగువాడే.

పెద్దపేగు క్యాన్సర్‌కు ఈ పద్ధతి ఇంకా చాలావరకు పరిశోధనలోనే ఉంది. దానికోసం ఆగకండి. మలంలో రక్తం కనబడితే మొలలేనని దాచక డాక్టరుకు చూపించండి. కీమో బాధ పెరిగితే మీ అంతట మీరు మానేయక, వెంటనే డాక్టరుతో చెప్పండి. సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే. ప్రార్థనకూ వైద్యానికీ పోటీ లేదు.