మీకు తెలుసా? మిసిసిపీ ఒడ్డున ఫ్రెంచి ఊరు
అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో సెయింట్ లూయిస్‌కు దిగువన, సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది సెయింట్ జెనివీవ్. 18వ శతాబ్దం మధ్యలో ఫ్రెంచివాళ్లు కట్టుకున్న ఊరిది. 1785లో మిసిసిపీ ముంచెత్తాక కొన్నేళ్లలో ఊరు ఊరంతా మెరకకు తరలింది. పొలాలు మాత్రం పల్లంలోనే ఉండిపోయాయి. వరద తెచ్చే ఒండ్రును ఏ రైతు వదులుకుంటాడు!

అసలు చూడాల్సింది 1792 నాటి అమూరూ ఇల్లు. సెడార్ దుంగల్ని పందిరి గుంజల్లా నిలువునా నేలలో పాతి, సందులు పూడ్చి గోడలు లేపారు. ఇలాంటి ఇళ్లు ఉత్తర అమెరికాలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. విచిత్రమేమంటే, అది కట్టేనాటికి అక్కడ ఏలుబడి స్పెయిన్ రాజుది! 1804లో ఊరు అమెరికా చేతికొచ్చింది. 2020లో ఇక్కడ జాతీయ చారిత్రక ఉద్యానం ఏర్పడింది.